మా బావ మోకాలు

మా అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్‌లో ఎదురింటి అబ్బాయి ఏదో అమెరికా కంపెనీలో పనిచేస్తాడు. అక్కడ కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట ఒకటుందట, అందులో ఒక జట్టంటే అతనికి ప్రాణం. మొన్న లిఫ్టులో దిగాలుగా కనిపిస్తే ఏమైందని అడిగాను. "సీజన్ అయిపోయింది అంకుల్. మా బెస్ట్ ప్లేయర్‌ని వదిలేస్తారంట. ఆటల్లేని ఈ నెలల్లోనే అసలు టెన్షన్" అన్నాడు. ఓదార్చాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు. డెబ్బైల్లో పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మా బావను మాకు కాకుండా చేసిన ఆఫీసరు మీద.

బావంటే మా అక్క భర్త. మా ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టులో గోల్ కొట్టాలంటే ఆయనే కొట్టాలి. ఆయన ఆట చూసే కంపెనీ ఉద్యోగమిచ్చింది. సీజన్లో మధ్యాహ్నం నుంచి ప్రాక్టీసుకి వదిలేవారు. ఎండాకాలం ఆటలుండవు కాబట్టి, నేను పనిచేసే మిషన్ షాపులోనే, అందరిలాగా షిఫ్టంతా లేత్ మిషన్ ముందు నిలబడాలి. ఆ ఏడు ఆఖరి మ్యాచ్‌లో ఆయన మోకాలు మెలి తిరిగింది. కొన్నాళ్లు నిలబడొద్దన్నాడు డాక్టరు. సెలవులు చూస్తే అప్పటికే అయిపోయాయి.

ఇక చూడాలి మా భక్తి. సాయంత్రం గేటు ముందు చాయ్ హోటల్లో బావ ప్యాంటు మడిస్తే, చుట్టూ మూగి వాపు తగ్గిందా లేదా అని కొట్టుకున్నంత పని చేసేవాళ్లం. చిట్కుల్ నుంచి వచ్చే ఫిట్టరు చింతాకు ఉడికించి కట్టమనేవాడు, గుంటూరు వైపు నుంచి వచ్చిన వెల్డరు ఆముదాన్ని మించింది లేదనేవాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మోకాలి పేరున కొబ్బరికాయ కూడా కొట్టొచ్చాం. "మీ బావకు మోకాలొక్కటే ఉన్నట్టు చేస్తున్రు, కడుపు గూడ ఉంటది, జల్దీ ఇంటికి పంపుండ్రి" అని అక్క కసిరేది.

షాపులో ఏర్పాటు వేరు. ఆయన్ని చెక్కపెట్టె మీద కూర్చోబెట్టి ఆయన వంతు పని మేమే పంచుకున్నాం. తలా కొన్ని షాఫ్టు కడ్డీలు ఎక్కువ చేసి ఆయన ట్రేలో వేసేవాళ్లం. "నాకు సిగ్గయితుందిరా, జెర నన్ను గూడ చెయ్యనియ్యిండ్రి" అనేవాడు బావ. "నువ్వు గా కాలు కదపకు బావా, వానకాలం నీతోని పనుంది" అనేవాళ్లం. షిఫ్టు దిగే సరికి ట్రే నిండేది, కంపెనీకి చిల్లిగవ్వ నష్టం లేదు.

అప్పుడొచ్చాడు కొత్త ఆఫీసరు. చేతిలో వాచీ పెట్టుకుని, ఏ పనికి ఎంతసేపు పడుతుందో చూస్తూ మిషన్ల మధ్య తిరగడమే ఆయన ఉద్యోగం. కొన్నాళ్లు తిరిగి, ఒకడు ఊరికే కూర్చున్నా షాపు పని తగ్గలేదు కాబట్టి ఆ ఒకడు అక్కర్లేదని తేల్చాడు. బావను వేరే రాష్ట్రంలో ఉన్న మా కంపెనీదే ఇంకో ఫ్యాక్టరీకి బదిలీ చేశారు. మేమంతా ఆఫీసరు గదికి పోయి ఉన్నమాట చెప్పేశాం. "ఆయన పని మేమే చేసినం సార్. కాలు బాగైతదని చేసినం" అన్నాడు ఫిట్టరు. ఈ మాట వింటే ఎవరి మనసైనా కరుగుతుందని మా నమ్మకం. ఆయన నవ్వి, "అయితే మీ అందరికీ ఇంకా తీరిక ఉందన్నమాట" అన్నాడు. బదిలీ ఆగలేదు సరికదా, మరుసటి నెల నుంచి మా అందరి వంతూ పెంచారు. ప్రేమకొద్దీ చేసిన చాకిరీకి వాచీ పెట్టి, మళ్లీ మా నెత్తినే రుద్దడం ఏం న్యాయం? ఈ ప్రశ్న అప్పుడు ఆయన మొహాన అడగలేకపోయామని నాకింకా కోపం తగ్గలేదు.

ఆ వానాకాలం కంపెనీ ఫ్యాక్టరీల మధ్య పోటీలకు బావ మా గ్రౌండుకే వచ్చాడు, అవతలి జట్టు చొక్కా వేసుకుని. మోకాలు భేషుగ్గా ఉంది. గోల్ కొట్టాడు, మా మీదే. మేమంతా లేచి చప్పట్లు కొట్టాం. ముందు కుర్చీలో ఉన్న ఆఫీసరు వెనక్కి తిరిగి, "మీరసలు ఎవరి వైపు?" అన్నాడు.

"గా మోకాలు మాది సార్" అన్నాడు ఫిట్టరు.

ఆటల్లేని నెలలు ఇట్టే గడిచిపోతాయని ఎదురింటి అబ్బాయికి చెబుదామనుకున్నాను. కానీ బావ మళ్లీ మా జట్టులోకి రానేలేదు. మా ఎండాకాలం ఇంకా అయిపోలేదు.