నాయన దుకాణంలో నా తల

మొన్న మనవరాలి పెళ్ళిబట్టల కోసం జగదల్‌పూర్ బజారుకు పోయాం. దుకాణదారు ఒక అట్టపెట్టె తెరిచి, కుట్టి సిద్ధంచేసిన పాగ బయటికి తీసి, టోపీ పెట్టినంత సులువుగా మా ఆయన తల మీద పెట్టాడు. "రెడీమేడ్ సాఫా, మాతాజీ. చుట్టే పనే లేదు," అన్నాడు. మా ఆయన అద్దంలో చూసుకుని, దాన్ని జాగ్రత్తగా తిరిగి పెట్టెలో పెట్టించి, నా వైపు చూసి నవ్వారు. ఆ నవ్వు సంగతి చెప్పాలంటే నా పుట్టినూరు భోపాల్‌పట్నం దాకా పోవాలి.

అక్కడ మా నాయనకు బట్టల దుకాణం. బస్తర్ రాజ్యం దేశంలో కలిసి పదేళ్ళు దాటిన రోజులవి. రాజ్యం పోయినా తలలు పోలేదు కదా అంటూ నాయన పాగగుడ్డలు మాత్రం దండిగా తెప్పించేవాడు. సంతరోజున చుట్టుపక్కల ఊళ్ళ దొర్ల తెగ రైతులూ, ఇంద్రావతి నది దాటి వచ్చే మన తెలుగువాళ్ళూ దుకాణం నిండా ఉండేవారు. గుడ్డను మడతలో చూసి ఎవరూ కొనరని, తల మీద చూస్తేనే కొంటారని నాయన నమ్మకం. ఆ తల నాది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నన్ను ఎత్తుపీట మీద కూర్చోబెట్టి, సంతరోజు పొద్దుగూకేలోగా పది పాగలైనా చుట్టి విప్పేవాడు. ఆడపిల్ల తలకు పాగేమిటని అమ్మ సణిగేది. సాయంత్రం జడ చిక్కు తీయాల్సింది ఆమే మరి.

కొత్త గుడ్డ గంజితో బిరుసుగా ఉంటుంది. ముందు నీళ్ళు చిలకరించి, ఇద్దరు చెరో కొస పట్టుకుని మెలితిప్పాలి. ఒక కొస జానెడు వదిలి చెవి వెనక పట్టుకోవాలి. ఎవరికి వారే చుట్టుకునేటప్పుడైతే పళ్ళతో పట్టుకోవాలి. మొదటి చుట్టు నుదుటి మీదుగా, చెవుల పైఅంచు తాకుతూ పోవాలి. తరువాతిది దానికి ఏటవాలుగా, వేలెడు పైకి. చుట్లన్నీ నుదుటి నడుమ ఒకదాన్నొకటి దాటాలి. చివరి కొస నెత్తిన దోపి, చెవి వెనక వదిలినదాన్ని గుంజితే మొత్తం బిగుసుకుంటుంది. "మొదటి చుట్టు గట్టిగుంటే తక్కినయి దాని మాట వింటయి బిడ్డా," అనేవాడు నాయన. రెండేళ్ళు తిరిగేసరికి కొనేవాళ్ళ తలలకు నేనే చుట్టసాగాను. ఒక దొర్ల తాత అయితే ఏమీ కొనకుండా, నిరుటి పాగ నా చేత మళ్ళీ చుట్టించుకోవడానికే వచ్చి కూర్చునేవాడు.

పద్దెనిమిదో ఏట నాకు జగదల్‌పూర్ సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు పాగ మేమే పెట్టాలి గనుక నాయన దుకాణంలోకెల్లా మంచి జరీఅంచు గుడ్డ ఏరి విడిదికి పంపాడు. వాళ్ళు దాన్ని తడపకుండా పొడిగానే చుట్టేశారు. పెళ్ళివారికి ఎదురుపోయి పిలుచుకొచ్చే ఎదుర్కోళ్ళలో అది ఒకసారి జారింది. మళ్ళీ చుట్టారు. పందిరి ముందుకొచ్చాక ఈసారి నేల మీదే పడింది. లోపల గౌరమ్మ ముందు కూర్చున్న నేను సన్నాయి ఆగిపోవడం విని తలుపు దాకా వచ్చాను. పెళ్ళికొడుకు పెదనాన్న ఆ గుడ్డ చేత్తో పట్టుకుని, "రెండు తాపల వడ్డది. శకునం మంచిగ లేదు. ముహూర్తం ఎనుకకు జరుపుదాం," అంటున్నాడు. అలా జరిపిన ముహూర్తాలు కొన్ని మళ్ళీ రానేలేదని మావాళ్ళందరికీ తెలుసు. నాయన గుడ్డ అందుకుని తానే చుట్టబోయాడు. అన్ని తలలకు చుట్టిన చేతులు ఆ ఒక్క తల దగ్గర తడపడం మరిచి తొందరపడ్డాయి. మొదటి చుట్టే వంకరపోయింది. అది చూస్తూ నేను నిలబడలేకపోయాను.

పెళ్ళిచీరతోనే పందిట్లోకి పోయి మా మేనత్తను చెంబెడు నీళ్ళడిగాను. గుడ్డ మీద చిలకరించి, ఒక కొస నాయన చేతికిచ్చి, రెండోది నేను పట్టుకున్నాను. ఇద్దరం మెలితిప్పుతుంటే ఆయన చేతులు కుదుటపడ్డాయి. పెళ్ళికొడుకు ముఖం నేనింకా సరిగ్గా చూడనేలేదు. "జర తల వంచుండ్రి," అన్నాను. "ఈ కొస పట్టుకోండ్రి. నేను చెప్పేదాంక ఇడువొద్దు." ఆయన బుద్ధిగా పట్టుకున్నారు. చుట్టడం అయ్యాక, దుకాణం అలవాటు కొద్దీ ఆ తలను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపి చూశాను. పాగ కదల్లేదు గానీ పందిరంతా నవ్వింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. పెళ్ళికొడుకు నాయనమ్మ లేచి, "ముహూర్తం ఎందుకు ఎనుకకు జరపాలె? పాగ నిలవెట్టే పిల్ల మనింటికి వస్తున్నది. సన్నాయి ఊదుమనుండ్రి," అంది. ఆమె మాటకు ఎదురు లేదు. భోజనాలయ్యాక పెదనాన్న ఎవరూ చూడకుండా వచ్చి, తన పాగ కూడా కొంచెం సరిచేయమన్నాడు.

మా ఆయన ఇప్పటికీ పాగ చుట్టుకోవడం నేర్చుకోలేదు. నేర్పుతానంటే, చెప్పేదాకా కొస వదలొద్దన్నావు, ఇంకా చెప్పనేలేదు కదా అంటారు. ప్రతి శుభకార్యానికీ వచ్చి నా ముందు తల వంచి కూర్చుంటారు. ఇన్నేళ్ళు ఎలా గడిచాయని ఎవరైనా అడిగితే నాకు లెక్క చెప్పడం రాదు. నా చేతుల కింద ఆ తల నలుపు పోయి తెలుపైంది, తెలుపు పోయి నునుపైంది, అంతవరకే తెలుసు.