నోవై ఇంట్లో మోల్

కార్ల కంపెనీలు కుదేలైన ఏడాది, మేముండే నోవై ఊళ్ళో మంచు కరిగేసరికి మా పెరటి లాన్ అంతా నరాలు ఉబ్బినట్టు గట్లు తేలాయి. కాలు పెడితే మట్టి కుంగిపోయేది. కింద మోల్ తవ్వుతోంది, నేలలోపలే సొరంగాలు చేసుకుని బతికే ఎలుకంత జంతువు. అదే నెలలో నా ఉద్యోగం పోయింది, దాంతో వీసా కూడా. ఇల్లు అమ్మి దేశం వదిలి వెళ్ళిపోవాలి. చూడడానికి వచ్చిన ఒకే ఒక్క జంట పెరట్లోకి వెళ్ళి, ఏమీ అడగకుండానే థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు.

నేను విషపు గింజలు చల్లుతుంటే, పక్కింట్లో ఉండే రిటైరైన మెకానిక్ ఫెన్స్ దగ్గరికి వచ్చాడు.

"అది గింజలు ముట్టదు. మోల్ ఎలుక కాదు. దానికి కావలసింది వానపాములు" అన్నాడు.

"ఎన్ని ఉంటాయండీ?"

"బహుశా ఒక్కటే."

ఒక్కటే ఇంత చేసిందంటే నమ్మబుద్ధి కాలేదు. గట్లన్నీ కాలితో అణిచెయ్యమన్నాడు. మర్నాటికి ఏ గట్టు మళ్ళీ లేస్తే అదే మోల్ రోజూ తిరిగే దారట. ఫెన్స్ పక్కది లేచింది. అక్కడ ఆయనే స్ప్రింగ్ ట్రాప్ బిగించాడు.

మూడో రోజు పొద్దున పడింది. అరచేయంత ప్రాణి. నల్లటి మఖమల్ లాంటి ఒళ్ళు, కళ్ళు కనిపించవు, ముందుకాళ్ళు మాత్రం అచ్చం మనిషి చేతుల్లా ఉన్నాయి. మా ఆవిడ వచ్చి చూసింది.

"ఇప్పుడైనా ఎవరైనా వస్తారంటారా, ఇల్లు చూడ్డానికి?"

నేను పార తెచ్చాను. దాన్ని ఓ మూల పాతిపెట్టాను.

నాలుగు రోజులు లాన్ చదునుగా ఉంది. ఐదో రోజు అదే దారిలో గట్టు లేచింది.

"సొరంగం ఖాళీగా ఉంటే ఇంకోటి వచ్చి చేరుతుంది. మళ్ళీ ట్రాప్ పెడదాం" అన్నాడు మెకానిక్.

"వద్దండీ, దాన్ని ఉండనివ్వండి" అన్నాను. ఆయన ఫెన్స్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత ఇల్లు చూడడానికి ఎవరూ రాలేదు. ఇంటి అప్పు కట్టలేక వేసవి మొదట్లో తాళాలు బ్యాంకుకి ఇచ్చేశాం. సూట్‌కేసులు డిక్కీలో సర్ది స్టీరింగ్ ముందు కూర్చున్నాను. కానీ కారు స్టార్ట్ చెయ్యడానికి చెయ్యి రాలేదు. చివరికి మా ఆవిడ దిగి, నా వైపు తలుపు తీసింది.

"లేవండి, నేను డ్రైవ్ చేస్తాను."