మార్కులు లేని వేసవి సెలవులు

మా మనవరాలు వైద్య కళాశాలలో మూడో ఏడు ముగించింది. పాఠాలతో సంబంధం లేకుండా కొన్ని వారాలు తనకు నచ్చిన చోట పని నేర్చుకునే వీలుందట వాళ్లకు. దాన్ని ఎలెక్టివ్ అంటారని చెప్పి, ఎక్కడికి వెళ్తే బాగుంటుంది అమ్మమ్మా అని మొన్న నన్ను అడిగింది. గుండె జబ్బుల విభాగమా, పల్లెటూరి ఆరోగ్య కేంద్రమా అని తేల్చుకోలేక నా మంచం మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే, మీ రోజుల్లో ఇలాంటివి ఎక్కడివిలే అని వాళ్లమ్మ వంటింట్లోంచి అన్నది. ఉండేవి, కాకపోతే వాటికి పేరు ఉండేది కాదు.

అరవైల తొలినాళ్ల మాట. మంథని నుంచి హైదరాబాదుకు పోయి డాక్టరీ చదివే ఆడపిల్లను మా చుట్టాల్లో నేనొక్కదాన్నే. మాకు ఆరోగ్య శాస్త్రం చెప్పే సారు ఒకనాడు పాఠం ముగించి, వేసవి సెలవుల్లో ఆదిలాబాదు జిల్లా పల్లెల్లో మశూచి టీకాలు వేసే బృందంతో వచ్చేవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. దీనికి మార్కులు లేవు, పరీక్షలో దీని మీద ప్రశ్న రాదు, తిండి కూడా మంచిగ దొరకదు అని ముందే చెప్పేశారు. మగపిల్లలు కొందరు చేతులెత్తారు. ఆడపిల్లల్లో భైంసా నుంచి వచ్చిన నా నేస్తం ఎత్తింది, దాన్ని చూసి నేనూ ఎత్తాను. మా అమ్మను అవ్వ అనేవాళ్లం, అవ్వ వారం పాటు నాతో మాట్లాడలేదు. బాపు మాత్రం కరీంనగర్ దాకా తోడొచ్చి నిర్మల్ బస్సు ఎక్కించి, నీళ్లు కాచుకొని తాగు అని ఒక్క మాట చెప్పి దిగిపోయాడు.

మొదటి రోజులు హాయిగానే గడిచాయి. భైంసాకు అవతల మరాఠీ, తెలుగు కలిసిపోయిన పల్లెలవి. నా నేస్తం ఇంట్లో రెండు భాషలూ మాట్లాడేవాళ్లు కనుక ఆడవాళ్లు ముందు దానితో కబుర్లు చెప్పి, ఆ తర్వాతే చేయి చాపేవాళ్లు. పుస్తకంలో ఎక్కడా లేని సంగతులు చాలా నేర్చుకున్నాం. టీకా అంటే అమ్మవారికి కోపమొస్తుందని భయపడే ముసలమ్మను ఎట్లా ఒప్పించాలో, ఏడ్చే పిల్లను ఎవరి ఒడిలో కూర్చోబెడితే ఊరుకుంటుందో, ఇవన్నీ అక్కడే తెలిశాయి.

ఇంతలో పక్క ఊళ్లో గత్తర పుట్టింది. కలరాను మా వైపు అట్లాగే అంటారు. క్యాంపు డాక్టరు గారు మమ్మల్నిద్దరినీ పిలిచి, ఇది మీరు ఒప్పుకొని వచ్చిన పని కాదు, ఇంటికి పోతే ఎవరూ ఏమీ అనుకోరు అని మర్యాదగానే చెప్పారు. నా నేస్తం బయటికొచ్చి, “నేనైతే పోను. నువ్వు పోతనంటే పో, నేనేమనుకోను,” అన్నది. నేనూ ఉండిపోయాను. ధైర్యం ఉండి కాదు, ఒక్కదాన్నే బస్సెక్కి పోవడం బాగుండదని.

బడి గదుల్లో మంచాలు వేశాం. అప్పట్లో సెలైను గాజు సీసాల్లో వచ్చేది. మనిషి ఒంట్లో నీరంతా పోయి, కళ్లు గుంటలు పడి, నరం చేతికి దొరకకుండా ఉన్నవాడికి ఆ సీసా ఎక్కించగానే మాటలు వచ్చేవి. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను కూడా. అయితే సీసాలు చూస్తుండగానే అయిపోయాయి. మళ్లీ నిర్మల్ నుంచి జీపులో తేవాలి. అంతలో తొలకరి కురిసి, రేగడి తోవలో జీపు దిగబడిపోయిందని కబురొచ్చింది. డాక్టరు గారు ఎడ్లబండి తీసుకొని దానికి ఎదురుపోయారు.

ఆయన లేనప్పుడే ఒక ఇంటి నుంచి ఇద్దరిని మోసుకొచ్చారు. పత్తి చేలల్లో కూలికి పోయే మొగుడూ పెళ్లాలు. వెంట ఆ మగమనిషి తల్లి, ఆమె చంకలో పాలు మరవని ఆడపిల్ల. మా దగ్గర ఒక్క సీసా మిగిలింది. ఉప్పు నీళ్లు తాగించబోతే ఇద్దరికీ కక్కులే. నేనూ నేస్తమూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. ఆ తల్లి మమ్మల్ని చూసింది, గూట్లో ఉన్న సీసాను చూసింది.

“ఒక్కటే ఉన్నదా?” అని అడిగింది.

నా నేస్తం తలూపింది.

“గట్లయితే కోడలికి పెట్టున్రి. దానికి పాలు తాగే పోరి ఉన్నది.”

కొడుకు తెలివిలోనే ఉన్నాడు. గత్తర పట్టినవాళ్లకు చివరిదాకా తెలివి ఉంటుంది. తల్లి మాట విన్నాడు. పెళ్లాం మంచం వైపు తల తిప్పి అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. సూది నేనే గుచ్చాను. మొదటి పోటుకే నరం దొరికింది. బండి వచ్చేసరికి కోడలు నీళ్లడుగుతున్నది, కొడుకు లేడు.

మర్నాడు పొద్దున ఆ తల్లి జొన్నరొట్టెలు, పచ్చికారం గుడ్డలో చుట్టుకొని వచ్చింది. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కనుక పక్కింట్లో చేయించిందట. “తినున్రి బిడ్డా. మీరు తినకుంటే మిగిలినోళ్లను ఎవరు చూస్తరు?” అన్నది. నా నేస్తం రొట్టె పట్టుకొని ఏడుస్తూ కూర్చున్నది. నేను తిన్నాను. చేతులకంటిన బ్లీచింగ్ వాసన రొట్టెకూ అంటింది, అది బాగా గుర్తు. ఇంకొకటి పెట్టమంటావా అంటే పెట్టమన్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు.

ఆ తర్వాత వచ్చిన వాళ్లెవరి దగ్గరా నా చేయి వణకలేదు. కళాశాల తెరిచాక సారు అందరి ముందూ నన్ను నిలబెట్టి, ఈ అమ్మాయికి వయసుకు మించిన నిబ్బరం అని మెచ్చుకున్నారు. ఇంటికి పోయినప్పుడు అవ్వ ఎట్లా జరిగిందని అడిగితే బాగనే జరిగింది అన్నాను. నా నేస్తం హాస్టల్లో చాలా రోజులు నిద్రలో ఉలిక్కిపడి లేచేది, తర్వాత తేరుకున్నది. చదువయ్యాక సొంత వైపే పోయి, ఆ పల్లెల మధ్యనే చివరిదాకా వైద్యం చేసింది. నేను కరీంనగర్లో కాన్పులు చేస్తూ బతికాను. బిడ్డ పుట్టినా, పుట్టి పోయినా చేతులు కడుక్కొని తర్వాతి మంచం దగ్గరికి నడిచేదాన్ని. బాపు పోయిననాడు కూడా వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందిస్తూ తిరిగాను. డాక్టరమ్మ కదా, గుండె గట్టిది అనుకున్నారు జనం. నేను కాదనలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లకు తారు రోడ్లున్నాయి, సెలైను ప్రతి మందుల దుకాణంలోనూ వేలాడుతున్నది, చక్కెరా ఉప్పూ కలిపిన పొడి పొట్లాలు అంగన్‌వాడీలోనే ఇస్తున్నారు. గత్తర అంటే ఈ కాలపు పిల్లలకు అదొక తిట్టు, అంతే. సంతోషించవలసిన సంగతే. రోగి చనిపోతే చదువుకునే పిల్లలను కూర్చోబెట్టి, మీకెట్లా ఉంది అని అడిగేవాళ్లు కూడా కళాశాలల్లో ఉన్నారట. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇంత వయసొచ్చాక ఎవరైనా అడిగితే చెబుదామని ఒక్కోసారి కూర్చుంటాను. ఆ తల్లి అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా వస్తాయి. ఆమె మొహం మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాదు.