సగం బలం మాత్ర

బరంపురంలోని లంజిపల్లి వీధుల్లో చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. దేముడమ్మ గొంతు మాత్రం వేరు. ఆమె వీధి మొగలో "కానాగంతలూ... కవ్వళ్లూ..." అని ఒక్క కేక వేస్తే, వీధి చివరింట్లో కత్తిపీట బయటికొచ్చేది. తన ఊరు చమఖండి ఒడ్డున పడవ దగ్గరే బేరమాడి చేప ఎత్తుకోవడం, ఆటో పట్టుకుని ఛత్రపురం, అక్కణ్ణుంచి బస్సులో బరంపురం, ఎండ ముదరకముందే గంప ఖాళీ. పెళ్లయిన నాటినుంచీ అదే ఆమె బతుకు. మొగుడు సూరన్న సముద్రం మీద ఎంత కష్టపడనీ, ఇంట్లో అన్నం ఉడికేది ఈమె గొంతుతోనే.

ఆ గొంతు ఒక ఏడు బొంగురుపోయింది. ముందు జలుబనుకుంది. తర్వాత పాదాలు వాచాయి, మొహం ఉబ్బింది, బస్సులో నిలబడే నిద్రపోయేది. పిలుపు లేని చేప ఎవరు కొంటారు? మిగతావాళ్లు అమ్ముకుని వెళ్లిపోయాక, ఈమె గంపలో చేప మెత్తబడి ఇంటికొచ్చేది.

"ఒళ్లు చేశావే దేముడమ్మా, చేపల మీద బాగానే మిగులుతున్నట్టుంది!" అని మేడల మీది అమ్మలు నవ్వేవాళ్లు. బదులు చెప్పాలన్నా గొంతు పెగలదు.

తాను చేపలిచ్చే ఇళ్లలో ఒకటి డాక్టరుది. పైన ఇల్లు, మధ్యలో ఆసుపత్రి, కింద లక్ష్మణరావు మందుల షాపు. ఆ డాక్టరే రక్తం పరీక్ష చేయించి థైరాయిడ్ అన్నాడు. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, బతికున్నన్నాళ్లూ వేసుకోవాలి. వేసుకుంది. కొన్ని నెలలకు వాపు దిగింది, గొంతు లేచింది. ఇక ఆ డాక్టరు ఆమెకు దేవుడే. మంచి సందువ చేపలు పడితే ఆ ఇంటికి ఊరికే ఇచ్చేది. వాళ్లూ ఊరికే పుచ్చుకునేవాళ్లు. ఎంతమ్మా అని ఆ ఇల్లాలు నోటి మాటకైనా అడిగిన పాపాన పోలేదు.

మాత్ర ఒక్కటైతే దేముడమ్మ ఎలాగో కొనుక్కునేది. చీటీ మీద అది ఒక్కటే ఎప్పుడుంది? బలానికి బిళ్లలు, ఎముకలకు బిళ్లలు, పాలలో కలుపుకునే పొడి డబ్బా. పైగా కొన్నాళ్లకోసారి కంపెనీ మారిపోయేది. బ్యాగులు తగిలించుకున్న కంపెనీ కుర్రాళ్లు మెట్లెక్కి పైకి పోవడం, కింద షాపులో సీసా రంగు మారడం. "పాతది దీని ముందు ఎందుకూ పనికిరాదు" అనేవాడు లక్ష్మణరావు. నిన్నటిదాకా దాన్నే అమృతమన్న నోటితోనే.

వేట నిషేధం నెలలొచ్చాయి. పడవలు ఒడ్డెక్కాయి. దేముడమ్మ షాపుకెళ్లి, "సావుకారు బాబూ, ఈపాలి గొంతు మాత్ర ఒక్కటే ఇవ్వు. మిగతాయి ఒద్దు" అంది.

"అలా విడగొట్టి ఇస్తే డాక్టరుగారు ఊరుకోరు. చీటీలో ఉన్నవన్నీ తీసుకో, లేదంటే మానెయ్యి."

మానెయ్యి! గొంతు పోతే పస్తుండే మనిషితో అన్న మాట అది. అరటిపండు ఒలిచినంత తేలిగ్గా అన్నాడు.

తోటి చేపలామె కాసమ్మ ఆమెను పెద్దాసుపత్రి దగ్గరున్న జనరిక్ మందుల దుకాణానికి తీసుకెళ్లింది. అదే మందు, అదే వంద మైక్రోగ్రాములు, పేరు ఆర్భాటం లేని సీసా. చేతిలో ఉన్నది పెట్టి కొనుక్కుంది. తిరిగొస్తుంటే లక్ష్మణరావు గుమ్మంలోంచే చూశాడు.

"ఏంటది? జనరిక్కా? అయ్యో దేముడమ్మా, అందులో సగం బలమే ఉంటుంది. మిగతా సగం సుద్దపిండి."

అబద్ధం చెప్పేవాడికి ఆ క్షణంతో సరి. నమ్మినవాళ్లే దాన్ని ఇంటికి మోసుకెళ్లి బతకాలి. దేముడమ్మ దారి పొడుగునా ఆలోచించింది. నీళ్లు కలిసిన పాలైతే టీలోకి రెండింతలు పోస్తాం. సగం బలం మాత్రయితే? మర్నాటి నుంచి పరగడుపున రెండేసి వేసుకోవడం మొదలుపెట్టింది.

మొదట్లో ఒళ్లు తేలికైంది. "కుర్రపిల్లవైపోతన్నావేటే" అని సూరన్న మురిసిపోయాడు. నిషేధం తీరి పడవలు మళ్లీ నీళ్లలోకి దిగాక మొదలైంది అసలు బాధ. గుండె దడదడ, ఒళ్లంతా చెమట, కంటికి కునుకు లేదు. చేప కోస్తుంటే చెయ్యి వణికి వేలు తెగింది. బేరమాడిన వాళ్లందరి మీదా ఇంతెత్తున లేచేది. చివరికొక ఉదయం ఆ డాక్టరు వీధిలోనే, కేక వేస్తూ వేస్తూ, గంపతో సహా కూలబడిపోయింది.

నలుగురూ పట్టుకుని పైకి మోశారు. రొంటిన ఉన్న సీసా డాక్టరు చేతిలో పడింది. ఆయన మొహం వెలిగిపోయింది. హాలులో కూర్చున్న రోగులందరికీ కనిపించేలా సీసా ఎత్తి పట్టుకున్నాడు.

"చూశారా? చవక మందులు మింగితే ఇదే గతి. ఏ షాపులో కొన్నావమ్మా?"

ఏ షాపని అడిగాడు. ఎప్పటినుంచని అడిగాడు. రోజుకు ఎన్ని వేసుకుంటున్నావని మాత్రం అడగలేదు. అంత చదువు చదివిన నోటికి ఆ ఒక్క ప్రశ్నా రాలేదు! గుండె పరీక్ష రాశాడు, సెలైను రాశాడు, పాత చీటీకి ఇంకో రెండు బిళ్లలు తగిలించాడు.

సూరన్న సీసాను ఉప్పుటేరులోకి విసిరేశాడు. దేముడమ్మకు ఏ మాత్ర చూసినా భయం పట్టుకుంది. ఇదీ వద్దు, అదీ వద్దని అన్నీ మానేసింది. దడ మెల్లగా తగ్గింది గానీ, ఇంకొన్నాళ్లకు కాళ్లు మళ్లీ బరువెక్కాయి.

"మళ్లీ మూగదానివైపోతావే. నడు" అని కాసమ్మ ఆమెను పెద్దాసుపత్రికి ఈడ్చుకుపోయింది. అక్కడ క్యూ చాంతాడంత. బల్ల దగ్గర కూర్చున్న కుర్ర డాక్టరమ్మ తల కూడా ఎత్తకుండానే అడిగింది, "రోజుకి ఎన్ని వేసుకున్నావు?"

"రెండమ్మా."

"రెండెందుకు?"

"సగం బలమే కదమ్మా. రెండేసుకుంటే ఒకటవ్వదా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఎవరు చెప్పారని అడిగి, విని, నెత్తి కొట్టుకుంది. "కంపెనీదైనా, జనరిక్కయినా వందంటే వందే. నువ్వు రెండు వందలు మింగావు. అందుకే ఆ దడ. ఒక్కటే వేసుకో. ఊరికూరికే సీసా మార్చకు. నెలన్నర పోయాక రక్తం పరీక్షకి రా."

దేముడమ్మ అట్నుంచటే లంజిపల్లి వచ్చింది. షాపు ముందు జనం కిటకిటలాడుతున్నారు.

"సావుకారూ, ఆ మాత్ర సగం బలమని సెప్పినావా నేదా?"

"చెప్పాను. అయితే?"

"అందుకే రెండేసుకున్నాను."

లక్ష్మణరావు పగలబడి నవ్వాడు. "రెండు మింగమని నేనన్నానా? నీ బుర్రకి ఏం చెప్పాలి!"

"నీ మాట నమ్మాను కాబట్టే పడిపోనాను. నమ్మకపోతే గుండ్రాయినాగ ఉందును. ఇదిగో, ఈలందరి ముందూ సెప్పు. అదీ ఇదీ ఒకటే మందని సెప్పు."

"అరవకు. కావాలంటే ఈ నెల సీసా ఊరికే ఇస్తాను, పట్టుకుపో."

"ఊరకే ఎందుకిస్తావు? నోరు ముయ్యడానికా? థూ!"

ఉమ్మి అతని మెట్టు మీదే పడింది. క్యూలో ఉన్న పెద్దమనిషి ముక్కు మూసుకుని, "పక్కకు జరుగమ్మా, నీచు కంపు" అన్నాడు. మందుల అబద్ధం ఆయనకు కంపు కొట్టలేదు, చేపల వాసన కొట్టింది. మిగతావాళ్లు చీటీలు చాపుతూనే ఉన్నారు.

ఆనాటి నుంచి ఆమె ఆ డాక్టరింటి గుమ్మం తొక్కలేదు. జనరిక్ మాత్రే, రోజుకొకటి. నెలన్నర తర్వాత పరీక్షలో అంతా సరిగ్గానే ఉంది.

ఈ మధ్య అంకులి వైపు కొత్త ఇళ్లకు కూడా తిరుగుతోంది. ఒక ఇంట్లో సత్యవతి అనే ఆమె చేపలు ఏరుకుంటూ, "నాకూ థైరాయిడ్డేలే. లంజిపల్లి షాపు నుంచి కంపెనీ మందే తెప్పించుకుంటాను. ఆ జనరిక్కు మింగి మీ చమఖండి చేపలామె ఎవరో చచ్చిపోయిందట కదా, తెలుసా?" అంది.

దేముడమ్మ తూకం ఆపింది. "తెలుసు. ఆమె నానే."

"ఊరుకో, పరాచికాలా? ఆమె పోయి ఏడాదైందట. షాపాయనే చెప్పాడు."

"నానేనమ్మా. సావనేదు. ఆయన సెప్పిన అబద్ధానికి రెండేసి మింగి పడిపోనాను. ఇప్పుడు ఒకటే ఏసుకుంటన్నాను. అదే జనరిక్కు. సూడు, నీ ముందే ఉన్నాను కదా."

సత్యవతి ఆమెను ఎగాదిగా చూసింది. ఆమె మొహంలో ఒక్క క్షణం అనుమానం కదిలి, మాయమైంది. "ఏమోలే, ఆమె ఇంకెవరో అయ్యుంటుంది" అని, లోపలికి తిరిగి మొగుణ్ణి కేకేసింది. "ఏవండీ, బజారుకెళ్తే నా మాత్రలు మరిచిపోకండి. ఆ షాపులోనే తీసుకోండి, ఇంకెక్కడా వద్దు!"