హాస్టల్లో పట్టని నిద్ర

మహబూబ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరిన మొదటి వారంలోనే నాకేదో తేడా చేసిందని తెలిసింది. పొద్దున ఉప్మా కలుపుతుంటే గరిటె పట్టిన చెయ్యి వణికింది. అంతకు ముందు రాత్రంతా కన్ను మూతపడలేదు. గోడ మీద లేని చీమలు పాకుతున్నట్టు కనిపించాయి. పిల్లలు "అక్కా, గట్ల చూస్తున్నవేంది?" అని అడిగితే వాళ్ల మీద అరిచాను.

మా ఊరు కొల్లాపూర్ దగ్గర. భూమి లేదు, కూలి పనే ఆధారం. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. మా అమ్మాయి కూడా అదే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఈ పని పోతే మళ్లీ పత్తి ఏరడానికి పోవాల్సిందే. అందుకే నిద్ర సంగతి వార్డెన్ మేడంకు చెప్పలేదు.

చిత్రం ఏమిటంటే, సెలవుకు ఇంటికి వెళ్తే హాయిగా నిద్ర పట్టేది. హాస్టల్‌కు తిరిగి వస్తే మళ్లీ జాగారమే. ఇంకేం, మా ఆయన తేల్చేశాడు. "ఆ జాగా నీకు పడుతలేదు. అండ్ల ఏదో గాలి ఉన్నది." మా అత్త తాయెత్తు కట్టించింది. నేనూ నమ్మాను. మంచం దిక్కు మార్చి, తలకింద చీపురు పెట్టుకుని పడుకున్నాను.

ఒకరోజు పప్పు గుండిగ దించుతూ తూలాను. వేడి పప్పు కాలి మీద పడింది. వార్డెన్ మేడమే దవాఖానకు తీసుకెళ్లింది. బీపీ, షుగర్, థైరాయిడ్, ఈసీజీ అన్నీ చేశారు. "రిపోర్ట్స్ అన్నీ నార్మలే అమ్మా," అని చెప్పి, డాక్టర్ గారు సైకాలజిస్ట్ దగ్గరికి రాశారు. "పిచ్చి డాక్టర్ దగ్గర్కా?" అని మా ఆయన ఫోన్లోనే మండిపడ్డాడు.

సైకాలజిస్ట్ మేడం నాకంటే చిన్నది. టీ, తంబాకు, తాగుడు, అన్నీ అడిగింది. తాగుడు లేదని చెప్పాను. అబద్ధమాడుతున్నానని నాకు తోచనే లేదు. పగలు పడుకోవద్దు, ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లేవాలి, నిద్ర రాకపోతే పక్క మీద పొర్లకుండా లేచి కూర్చోవాలి అంది. ఊరికే కూర్చోవడం ఎందుకని నేను రాత్రిళ్లు ఎల్లిపాయలు ఒలిచాను. ఆ సంగతి చెప్తే, "కూసోమన్న గానీ డ్యూటీ చెయ్యమన్ననా?" అని నవ్వింది. నిద్ర మాత్రం రాలేదు.

తర్వాతిసారి ఆమె ఇంకోలా అడిగింది.

"ఇంటికాడ మంచిగ నిద్ర పడతది అంటున్నరు గద. ఆడ పొద్దు గూకినంక ఏమేం చేస్తరో వరుసగ చెప్పండి."

"ఏమున్నది మేడం. అన్నం వండుత, గిన్నెలు తోముత, ఇద్దరం చెరొక సీస కల్లు తాగుతం, పండుకుంటం."

"తాగుడు లేదన్నరు?"

"కల్లు తాగుడెట్లయితది మేడం? మా దిక్కు అందరు తాగుతరు."

ఈసారి ఆమె నవ్వలేదు. చెట్టు నుంచి దించిన కల్లు వేరని, కొన్ని దుకాణాల్లో మత్తుమందు కలిపి అమ్ముతారని, ఆల్ప్రజోలం అందులో ఒకటని చెప్పింది. రోజూ దానికి అలవాటైన ఒళ్లు అది అందకపోతే ఇలాగే వణుకుతుందట. "ఇది విత్‌డ్రాయల్. ఇంటికి పోయి తాగుతున్నరు, ఈడికొచ్చి ఒక్కసారే ఆపుతున్నరు. ఫిట్స్ రాలే, మీ అదృష్టం." అదే దవాఖానలో ఉన్న సైకియాట్రిస్ట్ దగ్గరికి తనే తీసుకెళ్లింది. ఆయన మాత్రలు రాసి, వాటిని మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చారు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. పెళ్లయిన కొత్తలో మా అత్త గ్లాసులో పోసి ఇచ్చిన నాటి నుంచి నేను నిద్ర అనుకున్నది మత్తు. ఎండలో కూలి చేసి అలసిన ఒళ్లు దానంతట అదే పడుకునేది కదా! దానికి కూడా మందు పోసి అమ్ముకున్నారు. తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

మాత్రలు తగ్గుతున్న రోజుల్లో మా పెద్దమామ చనిపోతే దినాలకు వెళ్లాను. కల్లు వద్దంటే ఆడబిడ్డ అందరి ముందే అంది, "హాస్టల్ల పని దొరకంగనే మా కల్లు చేదైందా వదినె?" పోయినవాళ్ల పేరు మీద పోసింది కాదనడం మా దగ్గర తప్పు. ఒక్క గ్లాసే కదా అని తాగాను. ఆ రాత్రి మొద్దులా పడ్డాను. హాస్టల్‌కు వచ్చాక మళ్లీ అదే నరకం. సైకాలజిస్ట్ మేడం ముందు కూర్చుని ఏడ్చాను. "ఏడ్వకండి. మళ్ల మొదలుపెడదాం," అంది.

మళ్లీ అదే వేళకు లేవడం, పగలు నడుం వాల్చకపోవడం. ఫికర్లన్నీ సాయంత్రం వంటయ్యాక మెట్ల మీద కూర్చుని తలచుకోమంది, పక్క మీదికి మోసుకుపోవద్దంది. నెలలు పట్టింది. ఇప్పుడు నిద్ర వస్తోంది. మధ్యలో మెలకువ వస్తుంది, కలలూ వస్తాయి. కల్లు తాగిన అన్నేళ్లలో నాకు కల వచ్చిన గుర్తే లేదు.

పని కూడా పోకుండా నిలబడింది. చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. నిద్ర పట్టక దవాఖానకు పోతే, అడిగినా అడగకపోయినా కల్లు సంగతి చెప్పండి. మీ అంతట మీరు ఒక్కసారే మానకండి, డాక్టర్ చెప్పినట్టు మానండి.

ఈ మాట అందరికంటే ఎక్కువసార్లు మా ఆయనకే చెప్పాను. "ఊరంత తాగుతాంది. రోగం నీ ఒక్కదానికేనా?" అంటాడు. మొన్న అమ్మాయిని చూడటానికి వచ్చాడు. హాస్టల్ పక్కన నేను కిరాయికి తీసుకున్న గదిలో కూర్చోబెట్టి అన్నం పెట్టాను. "ఈ ఒక్క రాత్రి ఉండు బాపూ," అని అమ్మాయి బతిమాలింది. ఆయన ఎండ వంక చూశాడు. సగం అన్నం మీద లేచి, చెయ్యి కడుక్కుని బస్టాండుకు నడిచాడు. అప్పటి బస్సుకు పోతే మా ఊళ్లో కల్లు దుకాణం మూయకముందే చేరుకోవచ్చు.