రాళ్ళ గట్టు మీద తాబేలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పెద్ద వల లాగితే చేపలతో పాటు ఒక్కోసారి సముద్రపు తాబేలు కూడా వచ్చేది. నీళ్ళడుగున వలలో చిక్కుకుని, పైకొచ్చి ఊపిరి తీసుకునే దారి లేక, ఒడ్డుకు చేరేసరికి మెడ వేలాడేసి ఉండేది. చచ్చినదాన్ని ఏం చేసుకుంటామని మావాళ్ళు కాలితో నెట్టి మళ్ళీ నీళ్ళలో పడేసేవారు.

ఒకరోజు అలా నెట్టబోతుంటే మా తాతయ్య అడ్డం పడ్డాడు. తాబేలును పొట్ట ఇసుకకు ఆనేలా ఉంచి, వెనక భాగం కింద తడి ఇసుక పోసి కాస్త ఎత్తు చేశాడు. తడి గోనెసంచి కప్పాడు. దాని నోట్లోంచి నీళ్ళు కారసాగాయి. "మావా, కాళ్ళు కూడా పిసుకు, నీరసంగా ఉందేమో" అని వల లాగే ఒకాయన నవ్వాడు. తాతయ్య తలెత్తలేదు. నేనే ఉండబట్టలేక "సచ్చిపోయింది కదా తాతా" అన్నాను.

"నీకు సెప్పి సచ్చిందా?" అన్నాడు.

పొద్దు వాలేదాకా సంచి మీద నీళ్ళు చల్లుతూ కూర్చున్నాం. అప్పుడే చెప్పాడు, ఆయన కుర్రతనంలో మా ఏరు సముద్రంలో కలిసేచోట మొసళ్ళు ఉండేవట. తోళ్ళ కోసం కొన్నిటిని చంపారు, భయంతో కొన్నిటిని చంపారు. మడ చెట్లు నరికేశాక మిగిలినవి ఏమయ్యాయో ఎవరూ చూడలేదట. నేనైతే అక్కడ ఒక్క మొసలినీ ఎరగను. ఆ తాబేలు కూడా లేవలేదు. చీకటి పడబోతుండగా తాతయ్య సంచి తీసి, గొయ్యి తవ్వి, నా చేత కూడా ఇసుక వేయించాడు.

ఇప్పుడు నేను టెక్సస్‌లో, కాపెల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పోయిన లాంగ్ వీకెండ్‌కి అందరం గాల్వెస్టన్ సముద్రానికి వెళ్ళాం. అల్లుడు రాళ్ళ గట్టు మీద నుంచి గాలం వేశాడు. బరువు తగిలితే పెద్ద చేపే అనుకుని సంబరంగా లాగాడు. వచ్చింది బూడిదరంగు వీపున్న చిన్న తాబేలు. గాలం గొంతు లోపలికి దిగిపోయింది.

"దారం కట్ చేసి వదిలేద్దాం. ఎవరూ చూడలేదు" అన్నాడు. జేబులోంచి చాకు తీసి తెరిచాడు.

గట్టు మొదట్లో బోర్డు ఉంటే మా అమ్మాయి వెళ్ళి చదివొచ్చింది. తాబేళ్ళను పట్టడం నేరమనీ, పొరపాటున పడితే ఫోన్ చేయమనీ రాసి నంబరు ఇచ్చారట. అల్లుడు ఒప్పుకోలేదు.

"చేస్తే పేరు అడుగుతారు. నేను హెచ్ వన్ మీద ఉన్నాను, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. కేస్ ఫైల్ చేస్తే మనం ఎక్కడికి పోతాం?"

"పొరపాటున అని వాళ్ళే రాశారు కదండీ."

"బోర్డుని నమ్ముకుని సామాన్లు సర్దుకోమంటావా?"

అతన్ని తప్పుపట్టలేను. నా కూడూ గుడ్డా ఆ ఇంట్లోనివే, ఆ భయం నాకూ ఉంది. కానీ తాబేలు నోరు తెరిచి మూసింది. నేను తువ్వాలు తడిపి దాని వీపు మీద కప్పి, ఆ రాళ్ళ మీదే కూర్చున్నాను.

"బాబూ, ఇలా వదిలేస్తే ఇది తిండి దిగక చస్తుంది. నేను లేవను" అన్నాను.

"మీరు కూర్చుంటే ఏమవుతుంది అత్తయ్యా?" అన్నాడు.

తువ్వాలు ఆరిపోతే మళ్ళీ తడిపాను. ఎండ ముదిరింది. చాలాసేపటికి అతనే చాకు మడిచి జేబులో పెట్టుకుని ఫోన్ తీశాడు. తన పేరు ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాడు. వచ్చినవాళ్ళు వీసా మాటే ఎత్తలేదు. ఫోన్ చేసి మంచిపని చేశారని చెప్పి, తాబేలును ప్లాస్టిక్ తొట్టెలో పెట్టుకుని వెళ్ళారు.

తాబేళ్ళ ఆసుపత్రిలో గాలం తీశారట. కానీ కడుపులో ప్లాస్టిక్ ముక్కలున్నాయట, ఇంకెవరిదో పాత గాలం కూడా ఉందట. ఇలాంటివి లోకం మొత్తంలో కొద్దిగానే మిగిలాయని అక్కడివాళ్ళు చెప్పారట. అల్లుడు ఆఫీస్ నుంచి రాగానే షూస్ కూడా విప్పకుండా వాళ్ళకు ఫోన్ చేస్తున్నాడు. "ఈరోజు కూడా ఏమీ తినలేదట అత్తయ్యా" అంటాడు.

అది బతుకుతుందన్న నమ్మకం నాకు లేదు. ఆ రోజు మా తాతయ్యకు కూడా ఉండి ఉండదు. అయినా ఆయన లేచి వెళ్ళలేదు, నన్నూ లేవనివ్వలేదు. ఆయన దగ్గర నాకు అబ్బింది అంతే. సాయంత్రం అల్లుడు ఫోన్ పట్టుకోగానే నేనూ వెళ్ళి అతని పక్కన కూర్చుంటాను.