పన్నెండేళ్లు ఆలస్యంగా మస్కట్‌కి

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, రాజోలులో నా కుట్టు షాపులోనే మిషను పక్కన చాప వేసుకుని నడుం వాల్చాను. ఫోను మోగింది. మస్కట్ నుంచి సత్తి పంపిన వాయిస్ మెసేజి.

"కాంతం, వచ్చే శనివారం పొద్దున్న ఈ ఇల్లు మారిపోతన్నానే. సలాలా అంట. కారులో రోజంతా ప్రయాణమంట. అక్కడ ఫోను ఉంచుకోనిత్తారో లేదో తెలీదు. నీకు చెప్పాలనిపించింది."

అంతే. దాన్ని నాలుగుసార్లు విన్నాను. ఇన్నేళ్లలో సత్తి సెలవు మీద రెండుసార్లు ఇంటికి వచ్చింది. రెండుసార్లూ నా షాపులో కూర్చుని గంటలు గంటలు మాట్లాడింది గానీ, తిరుగు ప్రయాణం ఏ రోజో మాత్రం చెప్పలేదు. ఓ పొద్దున్న చూస్తే మనిషి ఉండదు. ఎందుకు చెప్పదో నాకు తెలుసు. అలాంటిది ఈసారి రోజు చెప్పింది.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందే చెప్పేస్తాను, లేకపోతే దీనికి పిచ్చి అనుకుంటారు. సత్యవతి, నేను ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. పన్నెండేళ్ల కిందట తను వంటపనికి మస్కట్ బయల్దేరిన నాటికి మా ఆయన పోయి నెల. బస్సు దాకా వెళ్లొద్దని నన్ను ఎవరూ అనలేదు. మంచి పని మీద వెళ్లే మనిషికి నాలాంటిది ఎదురు రాకూడదని నాకు నేనే అనుకున్నాను. షాపు తలుపులు మూసి, లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాను. బస్సు ఆగే చోటు సరిగ్గా మా షాపు ముందే. తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. సత్తి ఒక బస్సు వదిలేసింది. రెండోదీ వదిలేసింది. మూడోది ఎక్కుతూ కూడా నా తలుపు వైపే చూసింది. ఆ తర్వాత దాని సంగతి తను అడగలేదు, నేను చెప్పలేదు.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటి బస్సుకి అమలాపురం వెళ్లాను. పాస్‌పోర్టు రెండేళ్ల కిందటే తీయించి బీరువాలో చీరల కింద పడేశాను. ఎందుకు తీయించానో అప్పుడు నాకే తెలియదు. వీసాలు చేసే ఆయన నా పాస్‌పోర్టు తిరగేసి, "ఏ పనికండి?" అన్నాడు.

"పనికి కాదండి. చూసి రావడానికి."

"ఎవర్నండి?"

"ఫ్రెండునండి."

ఆయన కంప్యూటరు మీంచి తలెత్తాడు. "ఇన్నేళ్లుగా ఇదే పని చేత్తన్నానండి. ఫ్రెండుని చూడ్డానికి మస్కట్ వెళ్లే రాజోలు ఆవిణ్ణి ఇప్పుడే చూత్తన్నాను."

ఖర్చెంతో ఇక్కడ రాయను. తలుచుకుంటే నడుం నొప్పి ఎక్కువవుతుంది. రానూపోనూ టిక్కెట్టు, హోటలు గది చూపిస్తేనే వీసా ఇస్తారన్నది మాత్రం వెళ్లేవాళ్లు గుర్తు పెట్టుకోవాలి. ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం: ఊళ్లో ఎవరికీ చెప్పకండి. నేను ఒక్క పక్కింటావిడకి చెప్పాను. మంగళవారం సాయంత్రానికి నా షాపు బల్ల మీద పొట్లాలు పేర్చేశారు. మామిడి తాండ్ర, పూతరేకులు, ఎండు రొయ్యలు, మోకాళ్ల నొప్పుల తైలం, ఎవరి కోడలికో రెండు కొబ్బరికాయలు కూడా. మస్కట్‌లో కొబ్బరికాయలు దొరకవా తల్లీ అంటే, "దొరుకుతాయండి, మన చెట్టువి దొరకవు కదండీ" అంటుంది ఆవిడ. అవీ సంచీలో కుక్కాను.

పెళ్లిళ్ల సీజను. జాకెట్లు గుట్టలుగా ఉన్నాయి. మోటారు కాలిపోయిందని అందరికీ అబద్ధం చెప్పాను. ఎవరూ నమ్మలేదు. టైలరు మాట ఎవరు నమ్ముతారు? ఆ మధ్యలోనే కొలతల పుస్తకం తీసి సత్తి పాత కొలతలతో రెండు జాకెట్లు కుట్టాను.

బుధవారం పన్నెండింటికి వీసా వచ్చింది. నాలుగింటికి ఆటో మాట్లాడుకుని, చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరాను. ఏడు దాటాక వచ్చింది హైదరాబాదు బండి. రెండు పెద్ద సంచులు, ఒక పెట్టె ఎక్కించేసరికి చెయ్యి పట్టేసింది. ఎదురు బెర్తు పెద్దావిడ నా సామాను చూసి, "గల్ఫుకా అమ్మా? ఎన్నేళ్లకి?" అంది.

"నాలుగు రోజులకండి."

"నాలుగు రోజులకి గల్ఫేంటమ్మా, అంతర్వేది తీర్థం ఎల్లొచ్చినట్టు!" అని నవ్వి, తన డబ్బాలోంచి రెండు గారెలు నా చేతిలో పెట్టింది.

గురువారం పొద్దున్న ఏడింటికి సికింద్రాబాదు. అక్కణ్ణించి ఎయిర్‌పోర్టు బస్సు. నిద్ర లేదు, కాళ్లు వాచాయి. కౌంటరులో తూకం ఎక్కువొచ్చింది. ఎవరి పొట్లం తీసేస్తే వాళ్లు ఊరుకుంటారు? నా బట్టలే తీశాను. మూడు చీరలు, ఒక దుప్పటి అక్కడ ఊడుస్తున్న అమ్మకి ఇచ్చేసి, కట్టుబట్టలతో విదేశయాత్ర మొదలుపెట్టాను. పాస్‌పోర్టుల దగ్గర ఆఫీసరు గారు పనికి వెళ్తున్నావేమోనని గుచ్చి గుచ్చి అడిగారు. నిజం చెప్తే నాకే అబద్ధంలా వినిపించింది. చివరికి తిరుగు టిక్కెట్టు చూసి ముద్ర వేశారు.

రెండింటికి విమానం. నా పక్క సీటాయనది కె.గంగవరం, మస్కట్‌లో తాపీ పని, సెలవు అయిపోయి వెళ్తున్నాడు. నా సంగతి విని, "ఫ్రెండు కోసం మస్కటా అండి! మేం ఫ్రెండ్స్ కోసం మస్కట్ నుంచి ఇంటికొత్తామండి" అన్నాడు. తర్వాత కిటికీ వైపు తిరిగిపోయాడు. దిగేటప్పుడు మాత్రం నా సంచులు రెండూ తనే మోశాడు.

అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. నాలుగింటికి దిగితే బయట బేబి నిలబడి ఉంది. బడిలో మాకు రెండు క్లాసులు చిన్న, ఇప్పుడు మస్కట్‌లోనే రువి అనే పేటలో బ్యూటీపార్లరులో పని. "అక్కా, నిజంగా వచ్చేసేవే!" అని కౌగిలించుకుంది. హోటలు గది వీసా కోసమే. పడుకున్నది బేబి గదిలో. నలుగురు ఆడవాళ్ల గది అది, మంచాలు ఒకదాని మీద ఒకటి, ఏసీ చప్పుడు మన రైస్ మిల్లు చప్పుడంత ఉంటుంది. చేపల పులుసు పెట్టింది. తిన్నదే గుర్తు, పడుకున్నది గుర్తు లేదు.

శుక్రవారం అక్కడ సెలవు. నేను వచ్చానని బేబి ఫోనులో చెబితే, సత్తి పాత ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకుని పెట్టెతో సహా రెండింటికి వస్తానంది. నేను ఒంటిగంట నుంచి కిటికీ దగ్గరే. బేబి నైటీ వేసుకుని, రైల్లో కంఠతా పట్టిన మాటలు మళ్లీ వల్లె వేసుకుంటూ కూర్చున్నాను. మూడుంబావుకి వచ్చింది. తలుపు తీయగానే నా వంక చూసి, "ఏమే, ఇంత లావైపోయేవు!" అంది. వెంటనే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. కంఠతా పట్టిన మాటల్లో ఒక్కటీ రాలేదు.

నేను కుట్టి తెచ్చిన జాకెట్టు తొడుక్కుంటే సంచీలా వేలాడింది. పన్నెండేళ్ల కిందటి కొలతలు కదా. మనిషి సగమైపోయింది. ఆ సంగతి పైకి అనకుండా జాకెట్టు విప్పించుకుని, బేబి దగ్గర సూదీ దారం తీసుకుని పక్క కుట్లు లోపలికి పట్టడం మొదలుపెట్టాను. చేతిలో సూది ఉంటే నాకు ధైర్యం. తల ఎత్తకుండానే అన్నాను.

"ఆ రోజు నేను షాపులోనే ఉన్నానే."

"తెలుసు" అంది సత్తి.

సూది వేలికి గుచ్చుకుంది. "ఎలా తెలుసు?"

"నీ చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి కదే."

పన్నెండేళ్లు! తలుపు మూసుకున్నాను, గడియ పెట్టుకున్నాను, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. చెప్పులు లోపల పెట్టుకోవాలని తోచలేదు. మన ఇళ్లల్లో చెప్పులు లోపలికి ఎవరు తెస్తారు?

"నాకు మొగుడున్నాడు, నీకు పోయేడు, అందుకని నా మొహం చూడ్డం నీకిష్టం లేదనుకున్నాను" అంది సత్తి. "అందుకే తరవాత వచ్చినప్పుడల్లా ఎల్లే రోజు చెప్పలేదు. నువ్వు మళ్లీ తలుపేసుకుంటే నేను తట్టుకోలేనే."

"కాదే పిచ్చిదానా, నీకు ఎదురు రాకూడదని..."

"ఛీ దరిద్రమా" అంది సత్తి, "దానికా?"

సాయంత్రం ముగ్గురం టాక్సీలో మత్రా సముద్రం ఒడ్డుకి వెళ్లాం. చూడదగ్గ చోటే: ఒక పక్క నల్లటి కొండలు, ఒక పక్క పడవలు, నడవడానికి నున్నటి బాట. సముద్రమంటే నాకు అంతర్వేదే. ఇక్కడ ఇసక లేదు, గోదారి లేదు. అయినా గాలి వచ్చింది. బెంచీ మీద కూర్చుని టీ తాగాం. సత్తి ఎవరెవరు పోయారో, ఎవరికి పెళ్లిళ్లయ్యాయో అడుగుతూ సగంలోనే నా భుజం మీద నిద్రపోయింది. పన్నెండేళ్ల అలసట ఆ భుజం మీద ఎంత బరువుందో నాకు తెలిసింది. కదలకుండా కూర్చున్నాను.

శనివారం ఎనిమిదింటికి బేబి గది దగ్గరికే కారు వస్తుందన్నారు, ఏడూ ముప్పావుకే వచ్చేసింది. డ్రైవరు మలయాళీ, హారను కొట్టాడు. సత్తి నేను సరిచేసిన జాకెట్టు తొడుక్కుంది. బేబి పెట్టె కిందికి దింపింది. నేను మాత్రం గిన్నెలు కడిగే వంకతో వంటగదిలోకి జారుకున్నాను. ఎంత చెప్పుకున్నా, ఎంత ఏడ్చినా, కాళ్లు వాటంతటవే వెనక్కి పోయాయి. అవతల రోజంతా ఎడారిలో ప్రయాణం, కొత్త యజమాని, ముక్కూ మొహం తెలియని ఇల్లు. ఏదైనా అయితే?

కింద నుంచి బేబి మాట వినిపించింది. "ఉండక్కా, నేనొత్తాను ఎదురు. పసుపు కుంకాలున్నదాన్ని."

"నువ్వుండవే. కాంతం వత్తాది."

నేను కిటికీలోంచి తల బయట పెట్టాను. "నీకేమైనా మతి పోయిందా? బేబి వస్తానంటోందిగా!"

సత్తి నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది. "అప్పుడు నీ కోసం రెండు బస్సులు వదిలేసేను. ఇప్పుడు ఈ కారు కూడా వదిలేయమంటావా?"

డ్రైవరు మళ్లీ హారను కొట్టాడు. నేను మెట్లు దిగాను. చెంబు లేదు, మంచినీళ్ల సీసా ఒకటి చేతిలో ఉంది. సందు చివర కిరాణా కొట్టు దాకా నడిచాను. అక్కణ్ణించి వెనక్కి తిరిగి, నీళ్ల సీసా రెండు చేతులతో పట్టుకుని, సత్తికి ఎదురుగా నడిచాను. ఎండ అప్పుడే మొహాన కొడుతోంది. సత్తి నన్ను చూస్తూ నిలబడి, నేను దగ్గరయ్యాక కుడికాలు ముందు పెట్టి నడిచింది. నన్ను దాటుతూ చేతిలో సీసా లాక్కుని, "దారిలో దాహమేత్తాది" అంది. కారు ఎక్కింది. ఈసారి చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రికి మెసేజి రాలేదు. ఆదివారం పొద్దున్నా రాలేదు. బేబి ఫోను చేస్తే స్విచ్చాఫ్. "చార్జింగ్ అయిపోయుంటదిలే అక్కా" అంది గానీ దాని మొహమూ వాడిపోయింది. పన్నెండున్నరకి విమానం. ఇచ్చిన అన్నం ముట్టలేదు. అయిపోయింది, ఏదో అయింది, నా మొహం చూసే అయింది అనుకుంటూ హైదరాబాదులో దిగాను. సంచులు ఖాళీయే, అయినా వెళ్లేటప్పటికంటే బరువు. స్టేషనుకి, అక్కణ్ణించి నర్సాపురం బండికి. ఎంత తిట్టుకున్నానో. నన్ను, బేబిని, ఆ సత్తిని, అన్నిటికంటే ఎక్కువ ఆ డ్రైవరుని.

సోమవారం పొద్దున్న ఆరున్నరకి పాలకొల్లులో దిగి, అడుగు వేయలేక ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడ్డాను. ఫోను మోగింది. మెసేజిలో సత్తి గొంతు.

"కాంతం, చేరేనే. దారిలో ఫోను చచ్చిపోయింది, ఈళ్ల దగ్గర చార్జరు దొరికేసరికి ఇంతసేపైంది. ఫోను ఉంచుకోవచ్చన్నారు. ముసలావిడ మంచిదిలా ఉంది, అన్నం పెట్టి పడుకోమంది. ఇక్కడ కొబ్బరిచెట్లున్నాయే, అచ్చం మన ఊరే. ఇంటన్నావా? నీ ఎదురు మంచిదే."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. బెంచీ చివర కూర్చున్న పెద్దాయన నా వైపు జరిగి, "ఏమ్మా, దూరం నించా?" అన్నాడు.

"ఆయ్, మస్కట్ నించండి."

"పనికెళ్లేరా?"

"కాదండి. మా స్నేహితురాలు ఊరెళ్తంటే, సాగనంపడానికెళ్లేను."